అండాశయానికి వ్యాపించిన క్యాన్సర్ల నిర్ధారణ

శరీరంలోని మరొక అవయవంలో పుట్టి అక్కడి నుండి అండాశయానికి చేరిన క్యాన్సర్‌ను ద్వితీయ అండాశయ క్యాన్సర్ అని అంటారు. అండాశయంలోనే పుట్టినదానిని ప్రాథమిక అండాశయ క్యాన్సర్ అని అంటారు. జీర్ణాశయం, పెద్దప్రేగు, ఉండుకము, రొమ్ము, క్లోమము, పిత్తాశయం, గర్భాశయం మొదలైన అవయవాల క్యాన్సర్లు అండాశయానికి వ్యాపించగలవు. వివిధ దేశాల లెక్కల ప్రకారం అండాశయంలో కనిపించే క్యాన్సర్లలో సుమారు 5 నుండి 30 శాతం వరకు ఇటువంటివే. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న జపాన్ వంటి దేశాలలో ఈ నిష్పత్తి అధికం.

ప్రాథమిక, ద్వితీయ క్యాన్సర్లు రెండూ కంటికి ఒకే విధంగా కనిపించవచ్చు. కడుపు ఉబ్బడం, పొత్తికడుపులో కణితి, పొట్టలో నీరు చేరడం రెండింటిలోనూ ఉంటాయి. కాని వాటి చికిత్సలు వేరు. అందువలన అండాశయంలో క్యాన్సర్ ఉన్నదని తెలుసుకోవడంతో నిర్ధారణ పూర్తి కాదు. అది ఎక్కడ పుట్టినదో కూడా తేల్చవలసి ఉంటుంది. ఆ నిర్ధారణ ఏ విధంగా జరుగుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

చరిత్ర

1854లో ఆంగ్లేయ వైద్యుడు జేమ్స్ పేజెట్ ఇటువంటి స్థితిని ప్రస్తావించాడు. 1896లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఎర్నెస్ట్ క్రూకెన్‌బర్గ్ (1871-1946) అండాశయంలో ఏర్పడిన ఐదు విచిత్రమైన కణితులను వర్ణించాడు. అతడు వాటిని అండాశయంలోనే పుట్టిన ఒక కొత్త రకం కణితులుగా భావించాడు. 1902లో ష్లాగెన్‌హాఫర్ అనే శాస్త్రవేత్త, ఇవి ఇతర అవయవాల నుండి, ముఖ్యంగా జీర్ణాశయం నుండి వచ్చినవని చూపించాడు. అయినప్పటికీ మొదట వర్ణించిన వాని పేరు మీదుగానే వీటికి క్రూకెన్‌బర్గ్ కణితులు అన్న పేరు నిలిచిపోయింది. ఈ వ్యాధి చరిత్ర, ద్వితీయ క్యాన్సర్‌ను ప్రాథమిక క్యాన్సర్‌గా పొరబడడంతోనే మొదలైనదని చెప్పవచ్చు. ఆ పొరపాటుకు అవకాశం నేటికీ ఉన్నది.

అండాశయానికి వ్యాపించిన ప్రతి క్యాన్సర్‌నూ క్రూకెన్‌బర్గ్ కణితి అని అనడం సరికాదు. కణం నిండా జిగురు చేరి, కేంద్రకం ఒక ప్రక్కకు నెట్టబడి, చూడడానికి ముద్ర ఉంగరం వలె కనిపించే కణాలు ఉన్నవాటికే ఈ పేరు చెల్లుతుంది. ఈ కణాలను ముద్రికా కణాలు అని అనవచ్చు. క్రూకెన్‌బర్గ్ కణితులు మొత్తం అండాశయ కణితులలో 1 నుండి 2 శాతం మాత్రమే. వీటిలో అధిక భాగం జీర్ణాశయం నుండి వచ్చినవే. 80 శాతానికి మించిన సందర్భాలలో రెండు అండాశయాలూ వ్యాధికి లోనవుతాయి.

వ్యాప్తి చెందే మార్గాలు

క్యాన్సర్ కణాలు నాలుగు మార్గాలలో అండాశయాన్ని చేరగలవు.

* రక్తం ద్వారా: రుతుచక్రం కొనసాగుతున్న వయసులో అండాశయానికి రక్త ప్రసరణ ఎక్కువ. క్రూకెన్‌బర్గ్ కణితులు రుతువిరతికి ముందు వయసు స్త్రీలలో తరచుగా కనిపించడానికి ఇది ఒక కారణమని భావిస్తారు.
* శోషరస నాళాల ద్వారా: జీర్ణాశయ క్యాన్సర్ వ్యాప్తిలో ఇది ముఖ్యమైన మార్గమని పలువురి అభిప్రాయం. జీర్ణాశయపు కణితి చాలా చిన్నదిగా ఉన్నప్పుడే అండాశయాలు వ్యాధికి లోనుకావడాన్ని ఈ మార్గం వివరించగలదు.
* ఉదర కుహరం ద్వారా: ప్రేగు లేదా ఉండుకపు గోడను దాటిన కణాలు ఉదరంలోని ద్రవంలో తేలి అండాశయపు ఉపరితలానికి అంటుకొంటాయి.
* నేరుగా ప్రాకడం ద్వారా: గర్భాశయం, ఫాలోపియన్ నాళం, పెద్దప్రేగు చివరి భాగం వంటి ప్రక్క అవయవాల నుండి క్యాన్సర్ అండాశయానికి ప్రాకుతుంది.

నిర్ధారణ ఎందుకు ముఖ్యం

ప్రాథమిక అండాశయ క్యాన్సర్‌కు సాధారణంగా గర్భాశయం, అండాశయాలు, ఉదరంలో కనిపించే వ్యాధి భాగాలు అన్నిటినీ తొలగించే శస్త్రచికిత్స చేస్తారు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే మందులను ఇస్తారు. పెద్దప్రేగు నుండి వచ్చిన క్యాన్సర్‌కు ఫ్లోరోయూరాసిల్, ఆక్సాలిప్లాటిన్ వంటి మందులు అవసరం. రొమ్ము నుండి వచ్చినదైతే హార్మోనుకు సంబంధించిన మందులు పనిచేయవచ్చు. జీర్ణాశయం నుండి వచ్చినదైతే హెర్-2 అనే ప్రొటీను పరీక్ష చేసి, అది ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ ఇవ్వవచ్చు. మూలాన్ని పొరబడితే రోగి నెలల తరబడి తన వ్యాధికి తగని మందును భరించవలసి వస్తుంది. అసలు కణితి ఆ కాలమంతా పెరుగుతూనే ఉంటుంది.

ఈ పొరపాటు అరుదైనది కాదు. జిగురును స్రవించే మ్యూసినస్ రకపు అండాశయ క్యాన్సర్‌పై పలు దేశాలలో కలిసి జరిపిన ఒక చికిత్సా ప్రయోగం ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. అందులో చేరిన రోగుల కణితి నమూనాలను నిపుణులు తిరిగి పరిశీలించగా, సగం కంటే తక్కువ మందికే నిజంగా అండాశయంలో పుట్టిన మ్యూసినస్ క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. పెద్ద వైద్యశాలలలో కూడా ఈ నిర్ధారణ ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది.

లక్షణాలు, రోగి చరిత్ర

కడుపు ఉబ్బరం, పొత్తికడుపులో నొప్పి, కొద్దిగా తిన్నా కడుపు నిండినట్లు ఉండడం, జలోదరం, రుతుస్రావంలో మార్పులు సాధారణ లక్షణాలు. కొన్ని కణితుల వలన అండాశయంలోని ఇతర కణాలు ప్రేరేపించబడి హార్మోనులను స్రవిస్తాయి. అప్పుడు ముఖంపై వెంట్రుకలు పెరగడం, గొంతు మారడం, రుతువిరతి తరువాత రక్తస్రావం కావడం వంటివి కనిపించవచ్చు. కొందరిలో ఏ లక్షణమూ లేకుండా స్కానింగ్‌లో కణితి బయటపడుతుంది.

ఈ లక్షణాలు మూలాన్ని చెప్పలేవు. అందువలన వైద్యుడు అడిగే ప్రశ్నలకు ప్రాముఖ్యం ఉన్నది. మలంలో రక్తం, నల్లని మలం, మలవిసర్జన అలవాటులో మార్పు, చాలాకాలంగా ఉన్న కడుపు మంట, వాంతులు, బరువు తగ్గడం, రక్తహీనత, కామెర్లు జీర్ణవ్యవస్థ వైపు చూపుతాయి. గతంలో రొమ్ము, ప్రేగు, జీర్ణాశయం, ఉండుకము వంటి వాటికి శస్త్రచికిత్స జరిగి ఉంటే తప్పక చెప్పాలి. ఆ శస్త్రచికిత్స పది సంవత్సరాల క్రితం జరిగినదైనా చెప్పాలి. రొమ్ము క్యాన్సర్ చాలా సంవత్సరాల తరువాత కూడా తిరిగి కనిపించగలదు. కుటుంబంలో రొమ్ము, అండాశయం, పెద్దప్రేగు క్యాన్సర్లు వచ్చినవారు ఉంటే అది కూడా నమోదు చేయాలి.

రక్త పరీక్షలు

మూడు పదార్థాలను సాధారణంగా కొలుస్తారు. అవి సి.ఏ.-125, సి.ఇ.ఏ., సి.ఏ. 19-9. సి.ఏ.-125 సాధారణంగా మిల్లీలీటరుకు 35 యూనిట్లలోపు ఉంటుంది. అండాశయ క్యాన్సర్‌లో ఇది పెరుగుతుంది. కాని ఎండోమెట్రియోసిస్, గర్భం, కాలేయ వ్యాధులు, ఉదర క్షయ వంటి వాటిలో కూడా పెరుగుతుంది. సి.ఇ.ఏ. ముఖ్యంగా పెద్దప్రేగు క్యాన్సర్‌లోను, సి.ఏ. 19-9 క్లోమము, పిత్తనాళాల క్యాన్సర్లలోను పెరుగుతాయి.

సి.ఏ.-125 విలువను సి.ఇ.ఏ. విలువతో భాగించగా వచ్చే నిష్పత్తి ఉపయోగకరమైనది. మొదటిదానిని మిల్లీలీటరుకు యూనిట్లలోను, రెండవదానిని మిల్లీలీటరుకు నానోగ్రాములలోను తీసుకొంటారు. నిష్పత్తి 25 కంటే ఎక్కువ ఉంటే అండాశయమే మూలమయ్యే అవకాశం ఎక్కువ. 25 లేదా అంతకు తక్కువ అయితే జీర్ణవ్యవస్థను పరీక్షించాలి. ఉదాహరణకు సి.ఏ.-125 విలువ 900, సి.ఇ.ఏ. విలువ 3 అయితే నిష్పత్తి 300. సి.ఏ.-125 విలువ 300, సి.ఇ.ఏ. విలువ 60 అయితే నిష్పత్తి 5 మాత్రమే. ఈ రెండవ రోగికి శస్త్రచికిత్సకు ముందుగా పెద్దప్రేగు, జీర్ణాశయం చూడడం అవసరం. అయితే ఈ నిష్పత్తి ఒక సూచన మాత్రమే, తీర్పు కాదు.

స్కానింగ్ పరీక్షలు

మొదట అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు. జీర్ణాశయం, రొమ్ము, గర్భాశయం నుండి వచ్చిన కణితులు, లింఫోమాలు ఎక్కువగా గట్టిగా కనిపిస్తాయి. పెద్దప్రేగు, ఉండుకము, పిత్తవ్యవస్థ నుండి వచ్చినవి ఎక్కువగా అనేక గదులున్న తిత్తులుగా కనిపిస్తాయి. ఈ రెండవ రకం, అండాశయంలో పుట్టిన మ్యూసినస్ కణితులను చాలా దగ్గరగా పోలి ఉంటుంది.

2014లో ఆడ్నెక్స్ అనే గణన పద్ధతి ప్రచురితమైనది. ఇది రోగి వయసు, సి.ఏ.-125 విలువ, కణితి పరిమాణం, అందులోని గట్టి భాగం నిష్పత్తి, జలోదరం మొదలైన తొమ్మిది అంశాలను తీసుకొని ఐదు అవకాశాలను లెక్కిస్తుంది. ఆ ఐదింటిలో ద్వితీయ క్యాన్సర్ కూడా ఒకటి.

తరువాత ఛాతీ, ఉదరం, కటి భాగాలకు సి.టి. స్కాన్ తీస్తారు. ఇందులో కాలేయం, క్లోమము, ప్రేగులు, శోషరస గ్రంథులు కూడా కనిపిస్తాయి. కాని జీర్ణాశయపు లోపలి పొరలో ఉన్న చిన్న కణితి సి.టి. స్కాన్‌లో కనిపించకపోవచ్చు. పెట్ స్కాన్ కూడా ముద్రికా కణాల క్యాన్సర్‌ను కొన్నిసార్లు చూపలేదు. అందువలన అనుమానం ఉన్నప్పుడు స్కానింగ్ బాగుంది కదా అని ఎండోస్కోపీని మానరాదు. నోటి ద్వారా జీర్ణాశయాన్ని, మలద్వారం ద్వారా పెద్దప్రేగును చూసి, అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించాలి. రొమ్ముల పరీక్ష, మామోగ్రఫీ కూడా అవసరం కావచ్చు.

క్షయతో పోలిక

ఉదర క్షయ వలన కూడా జలోదరం, సి.ఏ.-125 పెరుగుదల, అండాశయం చుట్టూ గడ్డ వంటి రూపం ఏర్పడవచ్చు. భారతదేశంలో క్షయ ఎక్కువ కనుక ఈ సంగతి ఇక్కడి వైద్యులకు ముఖ్యమైనది. క్షయను క్యాన్సర్ అనుకొని పెద్ద శస్త్రచికిత్స చేయడం ఎంత నష్టమో, క్యాన్సర్‌ను క్షయ అనుకొని నెలల తరబడి మందులు వాడడం కూడా అంతే నష్టం. ఉదరంలోని నీటిని తీసి క్యాన్సర్ కణాలకు, క్షయకు పరీక్షించడం, అవసరమైతే లాపరోస్కోపీ ద్వారా ముక్క తీయడం దీనికి పరిష్కారం.

బయాప్సీ

అండాశయానికే పరిమితమైన తిత్తిని సూదితో పొడవడం మంచిది కాదు. అది తొలిదశ ప్రాథమిక క్యాన్సర్ అయితే లోపలి ద్రవం చింది ఉదరంలో వ్యాపించే ప్రమాదం ఉన్నది. వ్యాధి అప్పటికే ఉదరమంతా వ్యాపించి ఉంటే స్కానింగ్ సహాయంతో ఉదరపు కొవ్వు పొర నుండి ముక్క తీయవచ్చు. శస్త్రచికిత్స జరుగుతున్న సమయంలో ముక్కను గడ్డకట్టించి వెంటనే పరీక్షించే పద్ధతి కూడా ఉన్నది. ద్వితీయ క్యాన్సర్ అనే అనుమానం కలిగితే శస్త్రవైద్యుడు అప్పుడే ఉండుకాన్ని, ప్రేగులను, జీర్ణాశయాన్ని, క్లోమాన్ని తడిమి చూడగలడు. ఉదరమంతా జిగురు నిండే సూడోమిక్సోమా పెరిటోనై అనే వ్యాధి ఒకప్పుడు అండాశయంలో పుడుతుందని భావించేవారు. చాలా సందర్భాలలో అది ఉండుకంలో పుడుతుందని తరువాత తెలిసింది. కనుక ఉండుకాన్ని పరిశీలించకుండా శస్త్రచికిత్స ముగించడం సరికాదు.

కణితి ఆకృతి, సూక్ష్మదర్శిని పరీక్ష

మ్యూసినస్ కణితుల విషయంలో ఒక సులభమైన నియమం 2003లో ప్రతిపాదించబడింది. దాని ప్రకారం రెండు అండాశయాలలోనూ కణితి ఉంటే, లేదా ఒకే వైపు 10 సెంటీమీటర్ల కంటే చిన్న కణితి ఉంటే, అది ద్వితీయమని భావించాలి. ఒకే వైపు 10 సెంటీమీటర్లు లేదా అంతకంటే పెద్ద కణితి ఉంటే ప్రాథమికమని భావించాలి. 2008లో మరిన్ని నమూనాలను పరిశీలించి ఈ హద్దును 13 సెంటీమీటర్లకు మార్చితే ఫలితం మెరుగవుతుందని చూపించారు. ఈ నియమానికి ముఖ్యమైన మినహాయింపు పెద్దప్రేగు క్యాన్సర్. అది ఒకే అండాశయంలో చాలా పెద్ద కణితిగా పెరగవచ్చు.

సూక్ష్మదర్శినిలో ఈ క్రింది గుర్తులు ద్వితీయ క్యాన్సర్‌ను సూచిస్తాయి.

* కణితి అండాశయపు ఉపరితలంపై ఉండడం
* అండాశయంలో వేరువేరు గడ్డలుగా పెరగడం
* రక్తనాళాలలోను, శోషరస నాళాలలోను క్యాన్సర్ కణాలు ఎక్కువగా ఉండడం
* ముద్రికా కణాలు ఉండడం
* గ్రంథుల మధ్యలో మృతకణాల శిథిలాలు, చుట్టూ దండ వలె కణాల వరుస ఉండడం (ఇది పెద్దప్రేగు క్యాన్సర్ లక్షణం)

కణితి ప్రక్కనే ఎండోమెట్రియోసిస్ లేదా టెరటోమా ఉంటే ప్రాథమిక క్యాన్సర్ అనే వాదనకు బలం చేకూరుతుంది. ద్వితీయ క్యాన్సర్ కణాలు కొన్నిసార్లు నెమ్మదిగా పెరిగే సాధారణ కణితి వలె కనిపించి పరీక్షకుని మోసగిస్తాయి. క్లోమము నుండి వచ్చినవి ఇందుకు పేరు పొందాయి.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ

ప్రతి అవయవపు కణాలలో కొన్ని ప్రత్యేకమైన ప్రొటీనులు ఉంటాయి. క్యాన్సర్ కణం ఎంత దూరం ప్రయాణించినా పుట్టిన చోటి గుర్తులను చాలావరకు నిలుపుకొంటుంది. యాంటీబాడీల సహాయంతో ఈ ప్రొటీనులకు రంగు పట్టించి చూడడాన్ని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అని అంటారు. ముఖ్యమైన గుర్తులు ఇవి:

* పెద్దప్రేగు: సైటోకెరాటిన్-20, సి.డి.ఎక్స్.2, శాట్‌బి2 ఉంటాయి. సైటోకెరాటిన్-7 సాధారణంగా ఉండదు.
* ప్రాథమిక సీరస్, ఎండోమెట్రియాయిడ్ అండాశయ క్యాన్సర్లు: సైటోకెరాటిన్-7, పాక్స్8 ఉంటాయి. సీరస్ రకంలో డబ్ల్యు.టి.1 కూడా ఉంటుంది.
* రొమ్ము: గాటా3, సైటోకెరాటిన్-7 ఉంటాయి. పాక్స్8 ఉండదు. ఈస్ట్రోజెన్ గ్రాహకం రొమ్ము, అండాశయం రెండింటిలోనూ ఉండవచ్చు కనుక అది ఒక్కటే చాలదు.
* క్లోమము: సుమారు సగం కణితులలో డి.పి.సి.4 అనే ప్రొటీను లోపిస్తుంది.
* గర్భాశయ ముఖద్వారం: పి16 బలంగా ఉంటుంది. హ్యూమన్ పాపిల్లోమా వైరస్ ఆనవాళ్ళు కనిపిస్తాయి.

అన్నిటికంటే కష్టమైన సందర్భం ప్రాథమిక మ్యూసినస్ క్యాన్సర్‌ను జీర్ణాశయం, క్లోమముల నుండి వచ్చినదానితో వేరుపరచడం. ఇవన్నీ సైటోకెరాటిన్-7ను కలిగి ఉండవచ్చు. ప్రాథమిక మ్యూసినస్ క్యాన్సర్‌లో పాక్స్8 తరచుగా ఉండదు. ఇటువంటి చోట రంగుల పరీక్ష ఒక్కటే తీర్పు ఇవ్వలేదు. రోగి చరిత్ర, స్కానింగ్, ఎండోస్కోపీ, శస్త్రచికిత్సలో కనిపించిన వివరాలు అన్నిటినీ కలిపి చూడాలి.

ప్రత్యేక సందర్భాలు

రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి అండాశయంలో కణితి కనిపిస్తే అది వ్యాపించినదేనని తొందరపడరాదు. బి.ఆర్.సి.ఏ. జన్యువులలో లోపం ఉన్నవారికి రెండు అవయవాలలోనూ వేరువేరుగా క్యాన్సర్ రావచ్చు. ఈ స్త్రీలలో కొత్తగా పుట్టిన అండాశయ క్యాన్సరే ఎక్కువగా కనిపిస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో లోబ్యులర్ రకం అండాశయానికి వ్యాపించే గుణం అధికం.

గర్భాశయపు లోపొరలోను, అండాశయంలోను ఒకేసారి ఎండోమెట్రియాయిడ్ క్యాన్సర్ ఉండడం మరొక చిక్కు. ఇవి రెండు వేరు క్యాన్సర్లని పూర్వం భావించేవారు. 2016లో వెలువడిన జన్యు పరిశోధనలు వీటిలో అధిక భాగం ఒకే మూలం నుండి వచ్చినవని చూపించాయి. అయినా తక్కువ తీవ్రత గల కణితులలో రోగి భవిష్యత్తు బాగుంటుంది. దీనిని గుర్తించి 2023లో అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య అయిన ఫిగో, కొన్ని నియమాలకు లోబడిన ఇటువంటి కణితులను మొదటి దశలోనే చేర్చింది.

తెలుగు ప్రాంతాలలో

భారతదేశ స్త్రీలలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, అండాశయ క్యాన్సర్లు మొదటి మూడు స్థానాలలో ఉన్నాయి. వీటిలో మొదటి రెండూ అండాశయానికి వ్యాపించగలవు. ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఇది అరుదు.

ఈ నిర్ధారణకు అవసరమైన పరీక్షలు అన్నీ ఒకే చోట దొరకకపోవడం గ్రామీణ రోగులకు ఎదురయ్యే ముఖ్య సమస్య. జహీరాబాద్ ప్రాంతంలోని రాయికోడ్‌ను ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఈ మండలం పూర్వం మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఇటువంటి ప్రాంతపు స్త్రీ కడుపు ఉబ్బరానికి మొదట దగ్గరి వైద్యుని చూస్తుంది. అల్ట్రాసౌండ్ పరీక్షకు జహీరాబాద్ లేదా సంగారెడ్డి వెళుతుంది. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, క్యాన్సర్ శస్త్రచికిత్స వంటి వాటికి హైదరాబాదు చేరవలసి వస్తుంది. ఈ ప్రయాణంలో పరీక్ష ఒక చోట, శస్త్రచికిత్స మరొక చోట, కణితి నమూనా ఇంకొక చోట ఉండిపోయే అవకాశం ఉన్నది.

హైదరాబాదులో 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ సంస్థ ప్రభుత్వ రంగంలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంగా పనిచేస్తున్నది. 2000లో బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ వైద్యశాల ప్రారంభమైనది. నిమ్స్‌లో కూడా క్యాన్సర్ విభాగాలు ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ శస్త్రచికిత్సలకు, మందులకు సహాయం అందిస్తుంది. తెలంగాణలో ఈ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

రోగి కుటుంబం గుర్తుంచుకొనవలసినవి

శస్త్రచికిత్స ఎక్కడ జరిగినా కణితిని పరీక్షకు పంపారా లేదా అని అడగాలి. పరీక్షా నివేదికను, స్కానింగ్ ఫిలిములను భద్రపరచాలి. కణితి ముక్కలను మైనంలో ఉంచిన దిమ్మలను బ్లాకులు అని, గాజు పలకలను స్లైడులు అని అంటారు. వీటిని అడిగి తీసుకొని పెద్ద వైద్యశాలలో తిరిగి చూపించుకొనవచ్చు. బ్లాకు ఉంటే సంవత్సరాల తరువాత కూడా కొత్త రంగుల పరీక్షలు చేయడానికి వీలుంటుంది. పాత శస్త్రచికిత్స కాగితాలు ఎంత పాతవైనా పారవేయరాదు. చాలా సందర్భాలలో కణితి మూలాన్ని తెలిపే ఆధారం ఆ కాగితాలలోనే ఉంటుంది.

చికిత్స, రోగి భవిష్యత్తు

చికిత్స మూల అవయవాన్ని అనుసరించి ఉంటుంది. జీర్ణాశయం, పెద్దప్రేగు క్యాన్సర్లు అండాశయానికి వ్యాపిస్తే అవి నాల్గవ దశకు చెందినవిగా లెక్కించబడతాయి. జీర్ణాశయం నుండి వచ్చిన క్రూకెన్‌బర్గ్ కణితులలో ఆయుర్దాయం సాధారణంగా తక్కువ. పెద్దప్రేగు నుండి వచ్చి, కనిపించే వ్యాధి అంతటినీ తొలగించగలిగిన సందర్భాలలో ఫలితం దానికంటే మెరుగు. పెద్దప్రేగు కణితులు మందులకు లొంగినప్పుడు కూడా అండాశయంలోని భాగం లొంగకపోవచ్చు. అందువలన కొందరికి అండాశయాల తొలగింపు బాధా నివారణకు తోడ్పడుతుంది. హెర్-2, మైక్రోశాటిలైట్ అస్థిరత, కె-రాస్ వంటి పరీక్షలు తగిన మందును ఎంచుకొనడానికి సహాయపడతాయి. ఈ పరీక్షలలో ఏవి చేయాలో నిర్ణయించడానికి కూడా కణితి ఎక్కడ పుట్టినదో ముందుగా తెలియాలి.